దగడూ తాత్యా టెన్షన్ మీటర్

“అయితే ముందు దానికా, నాకా?”

“దానికే.”

“నేను మనిషిని.”

“అందుకే. నువ్వు ఆగగలవు. అది ఆగలేదు.”

“ముప్ఫై ఒక్క ఏళ్ళు కాపురం చేశాను. పొద్దున లేవగానే చాయ్ గిన్నె పక్కన పెట్టి సవతికి నీళ్ళు కాచే ఆడది ఈ కాదవా ఏటి ఒడ్డున ఇంకొకత్తి ఉంటే చూపించండి. వెళ్ళి కాళ్ళ మీద పడతాను.”

“సవతి కాదు హౌసా, సవతులు. ఇద్దరున్నారు. లెక్క సరిగ్గా చెప్పు.”

గిన్నె మూత దభీమని పడింది. గోడకి ఇవతల పళ్ళు తోముకుంటున్న పక్కింటి తుషార్ ఉమ్మేసి నవ్వుకున్నాడు. రోజూ అతనికిదే సుప్రభాతం. మూత పడిందంటే నీళ్ళు మరుగుతున్నట్టు. ఇంకో పావుగంటలో దగడూ తాత్యా ఇత్తడి చెంబు భుజాన పెట్టుకుని, పెళ్ళికొడుకులా మెల్లగా నడుస్తూ ద్రాక్షతోటలోకి వెళ్తాడు.

దగడూ తాత్యా గురించి ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇది: నేలకి దాహం వేస్తోందా లేదా అని ఆయన నేలనే అడుగుతాడు. అది చెప్పిన జవాబు తప్ప లోకంలో ఇంకే జవాబూ నమ్మడు.

అడిగేందుకు ఆయన దగ్గర ఓ సరంజామా ఉంది. యంత్రం అనేంత పెద్దదేం కాదు. మోచెయ్యి పొడవు గొట్టం. అడుగున సుద్దముక్క లాంటి పింగాణీ మొన. నెత్తిన గడియారం లాంటి డయలు, అందులో ఒంటి ముల్లు, సున్నా నుంచి వంద దాకా అంకెలు. గొట్టం నిండా నీళ్ళు పోసి, బిరడా బిగించి, వేళ్ళ పక్కన పాతాలి. నేల ఎండేకొద్దీ ఆ మొన లోంచి నీళ్ళని పీలుస్తుంది. ఎంత గట్టిగా పీలిస్తే ముల్లు అంత పైకి పోతుంది. దాని అసలు పేరు టెన్షియోమీటరు. ఊళ్ళో ఎవరి నాలుకా ఆ మలుపు తిరగలేదు. టెన్షన్ మీటర్ అన్నారు, అదే ఉండిపోయింది.

పదకొండేళ్ళ కిందట ఒక సైంటిస్టు సాహెబు జీపులో వచ్చి రెండింటిని పాతాడు, ఒకటి అడుగు లోతున, రెండోది రెండడుగుల లోతున. “మూడు నెలల్లో వచ్చి తీసుకుపోతాను తాత్యా, అందాకా కాస్త చూస్తూ ఉండండి” అన్నాడు. ఆయన మళ్ళీ రాలేదు. చూస్తూ ఉండమన్నాడు కాబట్టి తాత్యా చూస్తూనే ఉన్నాడు.

వాటికి పేర్లు కూడా పెట్టాడు. లోతుదాని పేరు థోరలీ, పైదాని పేరు ధాకటీ. ఇద్దరు పెళ్ళాలున్న మగాడు పెద్దామెని, చిన్నామెని పిలుచుకునే పేర్లవి. పేర్లు పెట్టిన రోజే ఆయన పెళ్ళాం, ఊరందరికీ పిన్ని అయిన హౌసా కాకూ, వాటిని సవతులంది. ఆవిడని తప్పు పట్టలేం.

ఆ గొట్టాల్లో మామూలు నీళ్ళు పొయ్యకూడదట. మామూలు నీళ్ళలో కంటికి కనపడని గాలి ఉంటుందట. గాలి కలిసిన నీళ్ళతో ముల్లు అబద్ధం ఆడుతుందట. అందుకని కాచాలి, చల్లార్చాలి, పసిబిడ్డకి పాలు పట్టినట్టు అంచు వెంబడి వంచాలి. నీటిమట్టం కళ్ళకి ఆనాలని అందులో చిటికెడు నీలిమందు కూడా వేస్తాడు. ఇంట్లో నీలిమందంతా గొట్టాలకే పోవడంతో తాత్యా తెల్ల పైజామా ఏనాడూ తెల్లగా లేదు. జిల్లాలో ఏ పెళ్ళిలో అయినా ఆయన్ని దూరం నుంచే గుర్తుపట్టొచ్చు, పండిన తెల్లద్రాక్షలా పసుప్పచ్చగా తిరుగుతూ ఉంటాడు.

ముల్లు ఇరవైకీ ముప్ఫైకీ మధ్య ఉంటే తాత్యా గొంతు తగ్గిపోయేది. “వాఫసా” అనేవాడు, నిద్రపోయే పిల్ల గదిలో మాట్లాడినట్టు. మన రైతులు పదును అంటారే, అదే. కాకపోతే వాళ్ళ మరాఠీ మాటలో ఆవిరి కూడా ఉంది. నీళ్ళు ఎక్కువా కాకుండా, తక్కువా కాకుండా, మట్టిరేణువు మట్టిరేణువుకీ మధ్య కాస్త తడి, కాస్త గాలి ఉండి, నేల లోపల్లోపల ఊపిరి తీసుకునే స్థితి. “దేవుడు మనిషిని చేసేటప్పుడు మట్టి ఇరవై అయిదులో ఉంది” అనేవాడు తాత్యా. “కొందర్ని చేసేటప్పుడు మాత్రం చూసుకోలేదు.”

ఆ చూసుకోనివాళ్ళ జాబితా ఆయన దగ్గర ఉంది. ఊళ్ళో ఎవరు ఎంతలో ఉన్నారో అంకె చెప్పకుండా ఉండలేడు. గ్రామసభలో సర్పంచి గంటన్నర మాట్లాడితే లేచి, “సాహెబ్, మీ ఉపన్యాసం అయిదులో ఉంది, బురద. కాలు పెడితే బయటికి రావట్లేదు” అన్నాడు. పిల్లనివ్వడానికి వచ్చిన వియ్యాలవారు అబ్బాయి ఎలాంటివాడని వాకబు చేస్తే, “ముప్ఫై రెండు. పెళ్ళి చేసెయ్యండి, నలభై దాటితే గట్టిపడతాడు” అన్నాడు. ఇంటికొచ్చిన వాళ్ళని కూర్చోమనేవాడు కాదు, ముందు “ఎంతలో ఉన్నావు?” అనేవాడు. యాభై అంటే పెద్ద గ్లాసు చాయ్, ఇరవై అంటే చిన్న గ్లాసు. తెలిసినవాళ్ళు గుమ్మంలోంచే “డెబ్భై తాత్యా, డెబ్భై” అని అరుచుకుంటూ వచ్చేవాళ్ళు.

ఒక సోమవారం పక్క ఊరి బాపూ తన పెళ్ళాం యమునని బండి మీద కూర్చోబెట్టుకుని వచ్చాడు.

“తాత్యా, ఈవిడకి రాత్రిళ్ళు గుండె దడ. డాక్టరు టెన్షన్ అన్నాడు. మీ దగ్గర మీటరుంది కదా, ఓసారి పెట్టి చూడండి.”

తాత్యా నవ్వలేదు. యమునని పందిరి కింద ధాకటీ పక్కన గోనెపట్టా వేసి కూర్చోబెట్టాడు. “బాపూ, నువ్వు బయటికి పో. నీ చప్పుడుకి ముల్లు కదులుతుంది” అని పంపేశాడు. ఆకుల్లోంచి పచ్చటి వెలుతురు ఆవిడ ఒళ్ళో నాణాల్లా పడుతోంది. ఆవిడే మొదలుపెట్టి అత్తగారి నుంచి మేక దాకా అన్నీ చెప్పుకుంది. గంట అయ్యాక తాత్యా వంగి డయలు చూసి, “ఇరవై ఆరు” అన్నాడు.

“అంటే మంచిదేనా?”

“వాఫసా అమ్మా. నీలో గింజ వేస్తే మొలుస్తుంది.”

ఆ తర్వాత యమున ప్రతి సోమవారం వచ్చేది. దడ పోయింది. బాపూ ఊరంతా మీటరు గురించి చెప్పాడు. ఒక దశలో సోమవారాలు పందిరి కింద ముగ్గురు నలుగురు ఆడవాళ్ళు వరుసలో ఉండేవాళ్ళు. హౌసా కాకూ నెత్తి కొట్టుకుంటూ అందరికీ చాయ్ పెట్టేది.

“ఇద్దరు సవతులు చాలలేదు, ఇప్పుడు వాళ్ళకి చుట్టాలు.”

ఇక తుషార్. అతను నాసిక్‌లో ఇంజనీరింగ్ రెండో ఏడు మధ్యలో వదిలేశాడు. వదిలెయ్యడం కూడా మర్యాదగా వదల్లేదు. “సర్, మీరు చదివేది పుస్తకంలో ఉంది. పుస్తకం నా దగ్గర ఉంది. మరి మీరెందుకు?” అని అడిగి, జవాబు కోసం ఆగకుండా బస్సెక్కాడు. నోటికి బిరడా లేదు, కాలికి నిలకడ లేదు. అంతకు ముందు ఏడే తండ్రి పోయాడు. ఇంటికొచ్చి ఉన్న ఎకరంలో కొత్తగా ద్రాక్ష వేశాడు. అంటు కట్టించి, సంక్రాంతి దాటాక కొత్త చిగురు కోసం తెగ్గోసి, ఒక్కో మొక్కకీ ఒక్కో వెదురుకర్ర పాతి, ఇప్పుడు వాటిని పందిరి ఎక్కించే పనిలో ఉన్నాడు. వానలు పడేలోగా ఎక్కాలి. ఎక్కకపోతే ఏడాది పోతుంది. ఏడాది పోతే అతను పుణె పోవాలి, అక్కడ మేనమామ ఒక గోడౌన్‌లో వాచ్‌మన్ ఉద్యోగం చూసి ఉంచాడు. తల్లి పెట్టిన షరతు అది.

“నీకేం తక్కువరా, మీ నాన్న నీకు తుషార్ అని పేరు పెట్టాడు” అనేవాడు తాత్యా. వాళ్ళ ఊళ్ళో నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్ని కూడా తుషార్ అనే అంటారు. “పేరులోనే నీళ్ళు. కానీ పొలంలో లేవు.”

నిజమే. ఇద్దరికీ కలిపి ఒకటే బావి. ఒక రోజు తాత్యా పాళీ, ఒక రోజు తుషార్ పాళీ. పాళీ అంటే నీళ్ళ వంతు. ఎండాకాలం ఆ బావి రోజుకి మూడు గంటలు పోసి గురక పెడుతుంది. రోజు విడిచి రోజు మూడు గంటలు ముదురు తోటకి చాలు, లేత మొక్కలకి చాలదు. లేత మొక్కకి వేరు జానెడే, దానికి రోజూ గుక్కెడు కావాలి.

ఏప్రిల్‌లో తాత్యా గోడ మీద నుంచి అన్నాడు. “నా పాళీలో ఓ గంట వాడుకో పోరడా. నా మొక్కలు ముసలివి, వాటికి అంత తాగుడు లేదు.”

“నాకు బిచ్చం వద్దు తాత్యా. నా పాళీ నాకుంది.”

“బిచ్చం కాదురా…”

“దానం కూడా వద్దు. రేపు ఊళ్ళో తాత్యా నీళ్ళతో తోట పెంచాడంటారు. అంతకంటే గోడౌన్ నయం.”

తాత్యా అతని ముఖం కాసేపు చూశాడు. “అరవై ఎనిమిది” అని లోపలికి వెళ్ళిపోయాడు.

కానీ ఆ బావికి ఒక పాత కట్టుబాటు ఉంది. వాళ్ళిద్దరి తాతలూ పాళీ కోసం తలలు పగలగొట్టుకున్న రోజుల్లో పెద్దలు కూర్చుని పెట్టింది. అప్పుడు గడియారాలు లేవు. పొద్దున ఎండకి బావి గిలక నీడ మూడో మెట్టు మీద పడుతుంది. అది పడేలోగా ఎవడి పాళీ వాడు మొదలుపెట్టాలి, లేదంటే ఆ రోజు నీళ్ళు పక్కవాడివి. అడగక్కర్లేదు, దండం పెట్టక్కర్లేదు, హక్కు. మోట పోయి మోటారు వచ్చింది గానీ గిలక అక్కడే ఉంది, కట్టుబాటూ అక్కడే ఉంది.

తుషార్ బుర్రలో పురుగు తొలిచింది. బిచ్చం వద్దు, సరే. హక్కు వస్తే?

మర్నాడు తాత్యా పాళీ. ఎండ ఇంకా రాలేదు. తుషార్ పందిరి కిందికి వెళ్ళి, చేతులు కట్టుకుని, వినయంగా అడిగాడు. “తాత్యా, ఇవాళ ముల్లు ఎంత?”

అంతే. పదకొండేళ్ళుగా నేల కోసం ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. తాత్యా చెంబు కింద పెట్టాడు, పక్కన చోటు చూపించాడు.

“కూర్చో. ఇప్పుడే చూడకు. ఇప్పుడు అందరూ నిద్రలో ఉన్నారు. రాత్రంతా ఆకులు తాగవు కదా, వేళ్ళు ఖాళీ. కింద లోతులో ఉన్న తడి మెల్లగా పైకి వస్తుంది, ఎవరూ పిలవకుండానే. కలలో దాహం తీరినట్టు. అందుకే తెల్లవారుజామున ముల్లు ఒక్క గీత వెనక్కి వస్తుంది. చూశావా? ఇప్పుడు ఎండ ఆకుల్ని తాకుతుంది. ఆకులు లేస్తాయి. అవి వేళ్ళని లేపుతాయి. వేళ్ళు మట్టిని లేపుతాయి. మట్టి మా ధాకటీని లేపుతుంది. ఆగు… ఆగు… అదిగో.”

ముల్లు వెంట్రుకవాసి కదిలింది. తుషార్‌కి కూడా ఒక క్షణం ఒళ్ళు జలదరించింది. పందిరి కింద మసక ఇంకా చీరకొంగులా వేలాడుతోంది, ఎక్కడో పిట్ట ఒకటి సగం కూసి ఊరుకుంది, కాళ్ళ కింద ఏదో పెద్ద ప్రాణి పక్కకి ఒత్తిగిల్లినట్టయింది. వెంటనే తేరుకుని ఆకుల సందులోంచి బావి వైపు చూశాడు. గిలక నీడ రెండో మెట్టు మీద ఉంది.

“మరి థోరలీ సంగతేంటి తాత్యా?”

థోరలీ సంగతి ఇరవై నిమిషాలు. నీడ మూడో మెట్టు మీద పడింది.

“అయ్యో తాత్యా, మీ పాళీ పోయినట్టుంది.”

తాత్యా బావి వైపు చూసి నాలుక కరుచుకున్నాడు. “పోనీలే. ముల్లు ఇరవై ఎనిమిదిలోనే ఉంది. వాఫసా. నువ్వు వేసుకో.”

తుషార్ పరుగెత్తుకెళ్ళి మోటారు వేసి, డ్రిప్పు చుక్కలు ఒక్కొక్కటే రాలుతుంటే గట్టు మీద పొర్లి పొర్లి నవ్వాడు. పిచ్చి ముసలాడు. ఒక్క ప్రశ్నకి మూడు గంటల నీళ్ళు.

అలా వారం, రెండు వారాలు, నెల. మధ్యలో ఒకటి రెండుసార్లు తాత్యా ముందే మోటారు వేసుకున్నాడు. తక్కిన రోజుల్లో తుషార్ వెళ్ళడం, ముల్లు ఎంత అని అడగడం, తాత్యా పొంగిపోవడం, నీడ జారడం. తుషార్‌కి ప్రశ్నలు అయిపోతే కొత్తవి కల్పించుకునేవాడు. పింగాణీ మొన ఎందుకు, ఇత్తడి ఎందుకు కాదు? నల్లమట్టికి దాహం ఎక్కువా, ఎర్రమట్టికా? ముల్లుకి వయసైపోతే ఏమవుతుంది? జవాబులు చెవిలో పడేవి, తలలోకి వెళ్ళేవి కావు. కళ్ళు మెట్ల మీద.

ఒక రోజు ఏమీ తోచక అడిగాడు. “ముల్లు సున్నా చూపిస్తే తాత్యా?”

“మంచి ప్రశ్న” అన్నాడు తాత్యా, ఆనందంగా. “సున్నాలు రెండు రకాలు పోరడా. నేల నిండా తాగి ఉంటే లాగదు, ముల్లు సున్నా. అది ఒకటో సున్నా. నేల మరీ మరీ ఎండిపోయిందనుకో, ఎనభై, ఎనభై అయిదు దాకా లాగి లాగి, గొట్టంలో నీళ్ళన్నీ తాగేసి, ఇంక గాలి లోపలికి దూరిపోతుంది. పట్టు తెగిపోతుంది. ముల్లు జర్రున మళ్ళీ సున్నా. అది రెండో సున్నా. కడుపు నిండినవాడూ వద్దంటాడు, ఆకలి చచ్చినవాడూ వద్దంటాడు. ముల్లు చూస్తే తేడా తెలియదు. గొట్టంలో చూడాలి.”

“ఆహా” అన్నాడు తుషార్. నీడ మూడో మెట్టు మీదికి జారింది.

మే నెల మధ్యకి తుషార్ మొక్కలు వెదురుకర్రల్ని కావలించుకుని నడుములు దాటాయి, భుజాలు దాటాయి. అన్నిట్లోకీ గట్టు పక్క మూల మొక్క మహా జోరుగా ఉంది, తక్కినవాటి కంటే మూరెడు ఎత్తు. దాని పాదులో మట్టి కాస్త నీలంగా ఉండేది. ద్రాక్షతోటలో మైలుతుత్తం మందు కొట్టి కొట్టి కర్రా, తీగా, మనిషీ అన్నీ నీలమే, దాన్ని ఎవరు పట్టించుకుంటారు. తల్లి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి మొక్కల ఎత్తు కొలిచినట్టు చూసిపోయేది. పుణె ఊసు ఎత్తడం మానేసింది.

ఆ నెల మొదట్లోనే తాత్యా నోట ముల్లు మారింది.

“ఇవాళ ఎంత తాత్యా?”

“సున్నా.”

“రెండూనా?”

“థోరలీ సున్నా, ధాకటీ సున్నా. నాకు నీళ్ళు అక్కర్లేదు. నువ్వు వేసుకో.”

ఉపన్యాసం కూడా లేదు. తుషార్‌కి పని ఇంకా తేలికైంది. ముసలాడి నేల అడుగున ఏదో ఊట ఉన్నట్టుంది, అదృష్టవంతుడు అనుకున్నాడు. ముల్లు విషయంలో తాత్యా అబద్ధం ఆడడని ఊరందరికీ తెలుసు. ఒకసారి పంట పోటీలో జడ్జీలు వచ్చినప్పుడు కూడా “ఇవాళ నలభై ఏడు సాహెబ్, నేను ఆలస్యం చేశాను, నా తప్పు” అని చెప్పుకుని బహుమతి పోగొట్టుకున్న మనిషి.

గోడ అవతల సుప్రభాతం మాత్రం మారలేదు. “ముందు దానికా, నాకా?” “దానికే.” మూత దభీమనేది. చెంబు తోటలోకి వెళ్ళేది.

నెలాఖరులో ఒక మధ్యాహ్నం హౌసా కాకూ పిలిచింది. “తుషార్, మీ తాత్యా పొద్దున పోయిన మనిషి ఇంకా ఇంటికి రాలేదు. ఈ భాకరీ రొట్టెలు, ఠేచా కారం ఇచ్చిరా. ఉల్లిపాయ మర్చిపోయానని తిడితే నా మీద చెప్పు.”

తుషార్ మధ్యాహ్నప్పూట ఆ తోటలోకి ఎప్పుడూ వెళ్ళలేదు. పొద్దుటి మసకలో అన్నీ బాగానే కనిపించేవి. ఇప్పుడు ఎండ అన్నీ చెప్పేస్తోంది. పందిరి కింద పచ్చటి వెలుతురు లేదు, తెల్లటిది ఉంది. ఆకులు అంచుల్లో దోసెల్లా ముడుచుకున్నాయి. నులితీగలు ఎండి, ముట్టుకుంటే రాలాయి. ఉన్న కాస్త నీడలో తాత్యా ముఖం మీద టోపీ పెట్టుకుని థోరలీకీ ధాకటీకీ మధ్య నిద్రపోతున్నాడు, పైజామా రంగు మట్టి రంగులో కలిసిపోయి.

రెండు ముళ్ళూ సున్నా మీద ఉన్నాయి.

తుషార్ భాకరీ డబ్బా కింద పెట్టాడు. చప్పుడు కాకుండా ధాకటీ బిరడా తిప్పాడు. లోపల నీళ్ళు లేవు, నీలం లేదు. గొట్టం నిండా చీమలు గుడ్లు పెట్టుకుని సంసారం చేస్తున్నాయి. థోరలీ బిరడా తీశాడు. అందులో సాలీడు.

కడుపు నిండినవాడూ వద్దంటాడు, ఆకలి చచ్చినవాడూ వద్దంటాడు. చెవిలోనే ఉండిపోయిన మాటలు ఇన్నాళ్ళకి తలలోకి దిగాయి. ముసలాడు అబద్ధం చెప్పలేదు. సున్నా అన్నాడు, సున్నాయే. నీళ్ళు పోస్తే ముల్లు ఎనభైకి పరుగెత్తి దాహం దాహమని అరుస్తుంది, అరిచాక తను దాన్ని దాచలేడు, అందుకని నీళ్ళే పొయ్యలేదు. దాని నోట్లో గుడ్డ కుక్కాడు.

మరి రోజూ పోట్లాడి కాయించుకున్న చెంబుడు నీళ్ళు?

తుషార్ గట్టు దాటి తన మూల మొక్క దగ్గరికి వెళ్ళాడు. పాదులో మట్టి వేలితో తీసి చూశాడు. మైలుతుత్తం కాదు, నీలిమందు. ఎవరికీ దక్కని రాజభోగం ఆ మొక్కకి దక్కింది. నాలుగు కోసుల్లో కాచి చల్లార్చిన నీళ్ళు తాగి పెరిగిన ద్రాక్షమొక్క అదొక్కటే. అందుకే దానికంత పొగరు.

గట్టు మీద చాలాసేపు కూర్చున్నాడు. ఇంజనీరింగ్ వదిలినప్పుడు కూడా అంత సిగ్గు పడలేదు.

మర్నాడు తుషార్ పాళీ. తెల్లవారింది. తుషార్ మంచం మీద నుంచి లేవలేదు. తల్లి రెండుసార్లు కేకేసింది, మూడోసారి దుప్పటి లాగింది.

“పాళీ పోతుందిరా. ఒంట్లో బాగా లేదా? మామయ్యకి ఫోన్ చెయ్యనా?”

“మామయ్యకి వద్దని చెప్పు. మొక్కలు పందిరికి జానెడు కింద ఉన్నాయి, జూన్‌లో ఎక్కుతాయి. నన్ను పడుకోనీ.”

నిద్ర పట్టలేదు, ఊరికే పడుకున్నాడు. గిలక నీడ మూడో మెట్టు దాటి నాలుగో మెట్టు మీదకి వచ్చాక లేచి, ముఖం కూడా కడుక్కోకుండా పందిరి కిందికి వెళ్ళాడు. తాత్యా చెంబు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

“నా పాళీ పోయింది తాత్యా. ఇవాళ నీళ్ళు మీవి. మోటారు వేసుకోండి.”

“నీకు వద్దా?”

“వద్దు. సున్నా.”

తాత్యా కళ్ళెత్తి చూశాడు. “ఎన్నో సున్నా?”

“ఒకటోదే. నిండా తాగి ఉన్నా.” మొండిగా అనేశాడు. “బిరడా తీసి చూశాను. చీమలున్నాయి.”

“ఊఁ. పెద్ద సంసారం” అన్నాడు తాత్యా.

“నేను నెలన్నరగా మిమ్మల్ని మాటల్లో పెట్టి మీ పాళీ కొట్టేస్తున్నాను. ముల్లు మీద నాకేం భక్తి లేదు. మెట్లు చూస్తూ కూర్చునేవాడిని.”

“తెలుసు. మొదటి రోజే తెలుసు. చూపు ముల్లు మీద పెట్టనివాడు ముల్లు గురించి అడిగితే ఎవడికి తెలియదు?”

“మరి ఎందుకు చెప్పుకుంటూ కూర్చున్నారు?”

“ఇస్తే నువ్వు పుచ్చుకోవు. దొంగతనమైతే నీకు పౌరుషం అడ్డు రాలేదు. సరే, దొంగతనమే చెయ్యనీ అనుకున్నాను.” తాత్యా ఎండిన నులితీగ ఒకటి తుంచి చూశాడు. “అయినా పదకొండేళ్ళలో ముల్లు ఎంత అని పొద్దున్నే వచ్చి అడిగినవాడు నువ్వొక్కడివే. అబద్ధానికే అడిగావు, పోనీ. అడిగావు కదా. పాళీ పోతే పోయింది, వినేవాడు దొరికాడు.”

“మీ తోట ఎండిపోతోంది.”

“పోదు. ముసలి వేరు. ఈ నెలలో కాస్త దాహం పెడితే వచ్చే ఏడు గుత్తులు బాగా వస్తాయి కూడా. నేను కొంచెం ఎక్కువ పెట్టాను, అంతే.”

తుషార్ వెళ్ళి మోటారు వేసి వచ్చాడు. డ్రిప్పు గొట్టాలు ఒకసారి దగ్గి, చుక్కలు రాల్చడం మొదలుపెట్టాయి. ఎండిన మట్టి మీద మొదటి చుక్క పడ్డ చోట చిన్న వాసన లేచింది, తర్వాత ఇంకోచోట, తర్వాత పందిరి కింద అంతటా. ఇద్దరూ థోరలీ పక్కన చతికిలబడ్డారు. ఎంతసేపు కూర్చున్నారో తెలియదు. నీడలు పొట్టివయ్యాయి. కాళ్ళ కింద ఆ పెద్ద ప్రాణి గుటకలు వేస్తున్నట్టు ఉంది, ఒక్కో గుటకకీ కాస్త కాస్త మెత్తబడుతూ.

“ఇప్పుడు మీరెంతలో ఉన్నారు తాత్యా?” అన్నాడు తుషార్. ఈసారి బావి వైపు చూడలేదు.

తాత్యా ఆలోచించాడు. “ఇరవై నాలుగు. ఇరవై అయిదు ఉండేది, నువ్వు మాట్లాడి చెడగొట్టావు.”

తుషార్ నవ్వి లేవబోయాడు. తాత్యా అతని చొక్కా పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టి, ఇంటి వైపు ఒకసారి తొంగిచూసి, గొంతు తగ్గించాడు.

“ఒక్క పని చేసిపెట్టరా. రేపటికి చీమల్ని ఖాళీ చేయించి ఇద్దరినీ నింపాలి, రెండు చెంబులు పడతాయి. ఆ నీళ్ళు మీ ఇంట్లో కాచి పట్రా. మా ఇంట్లో రెండు అడిగితే మీ కాకూ ఇన్నాళ్ళూ కాచినవి ఏమయ్యాయంటుంది. ఆవిడ దగ్గర నేను సున్నా అని చెప్పి కూడా తప్పించుకోలేను.”